మావయ్య విప్పి మళ్లీ బిగించిన జాయింటు

మావయ్య పోయిన సంగతి నాకు ఖాదర్ భాయ్ చెప్పాడు. అప్పుడు నేను వార్డులో ఒక పేషెంటుకు సెలైన్ మారుస్తున్నాను. డ్యూటీలో ఫోన్ ఎత్తకూడదు, ఎత్తలేదు. ఆగి మళ్లీ మోగింది. ఖాదర్ భాయ్ ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. చుక్కల వేగం సరిచేసి, చేతులు కడుక్కుని, కారిడార్‌లోకి వెళ్లి మాట్లాడాను.

"అమ్మా, మీ మామ పొద్దున లేయలేదమ్మా. చాయ్ పెట్టి పిలిచినా, పలకలే. చెయ్యి పట్టుకుంటే సల్లగా ఉండాది. అంబులెన్సోళ్లు వచ్చి చూసినారు. ఖలాస్ అన్నారు."

నేను ఏడవలేదు. చివరిసారి మాట్లాడింది ఎప్పుడు, రాత్రి ఆయాసపడ్డాడా, మాత్ర వేసుకున్నాడా అని అడిగాను. నర్సులకు అలవాటైన ప్రశ్నలు అవి. ఖాదర్ భాయ్ అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పి, "నువ్వు రామ్మా, మేం ఈడనే ఉంటాం" అన్నాడు.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. వాళ్లది నరసాపురం పక్కన పల్లె. నేను బడిలో చేరకముందే దుబాయ్ వచ్చాడు. ఇక్కడ ప్లంబర్‌గా, తర్వాత ప్లంబర్ల మీద ఫోర్‌మన్‌గా, చివర్లో అదే కంపెనీ స్టోర్ రూములో సామాను అందించే మనిషిగా పనిచేశాడు. అల్ కుసైస్‌లో ఒక లేబర్ క్యాంపు గదిలో ముగ్గురు ఉండేవారు: మావయ్య, రాయచోటి నుంచి వచ్చిన ఏసీ మెకానిక్ ఖాదర్ భాయ్, పెషావర్ వైపు నుంచి వచ్చిన ఒక పఠాన్ డ్రైవర్. ఊళ్లో అత్తయ్య, వాళ్ల అమ్మాయి ఉన్నారు.

ఆయన గురించి నలుగురికీ చెప్పుకునే విషయాలు తక్కువ. ఆరాధనకు వస్తే వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చునేవాడు. సాక్ష్యం చెప్పమంటే లేచి, "దేవుడు బాగా చూసేడండి, వందనాలు" అని కూర్చునేవాడు. నేను రాయాలనుకుంటున్నది ఒక పాత ఇంటి బాయిలర్ గురించి. ఆయన దాన్ని మార్చాడు. మార్చిన చాలా కాలానికి, ఎవరూ అడగకుండానే, మళ్లీ వచ్చి విప్పాడు. ఆ రెండుసార్లూ నేను పక్కనే ఉన్నాను.

నేను మొదటిసారి దుబాయ్‌లో దిగినప్పుడు ఆయన ఎయిర్‌పోర్టుకు ఒక ప్లాస్టిక్ బకెట్, మగ్గు పట్టుకుని వచ్చాడు. పూలగుత్తులు పట్టుకున్న వాళ్ల మధ్య ఆ నీలం బకెట్ దూరం నుంచే కనిపించింది. "ఇక్కడ బాత్రూముల్లో అన్నీ ఉంటాయమ్మా, మగ్గొక్కటి ఉండదు" అన్నాడు. బస్సులో అల్ కుసైస్ వచ్చేదాకా ఆయన నాకు నేర్పింది నీళ్ల గురించే. ఎండాకాలం చన్నీళ్ల కుళాయి తిప్పితే మేడ మీది ట్యాంకులో కాగిన నీళ్లు వస్తాయి. అప్పుడు గీజర్ స్విచ్ ఆపేసి, వేడినీళ్ల కుళాయి తిప్పాలి. నీడలో ఉన్న నీళ్లు కాబట్టి అవే చల్లగా ఉంటాయి. "ఇక్కడ ఎర్ర గుర్తు చూసి వేడి అనుకోకు, నీలం గుర్తు చూసి చల్లన అనుకోకు. చెయ్యి పెట్టి చూసుకో." ఆ మాట మనుషుల గురించి కూడానా అని నేను అడగలేదు. ఆయన మటుకు కుళాయిల గురించే చెప్పాడు.

ఎవరి గదికి వెళ్లినా ముందు పైపు మీద చెయ్యి పెట్టేవాడు. అరచెయ్యి కాదు, వెనక వైపు. జ్వరం చూడ్డానికి మేం పెట్టినట్టే. భోజనం పెడితే గిన్నెలు తోమే పౌడర్‌తో మోచేతుల దాకా కడుక్కుని కూర్చునేవాడు. మరలు బిగించడానికి తెల్ల టేపు కన్నా జనపనారే మేలనేవాడు. ఆ నార ఉండచుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడు, అప్పుడప్పుడూ ఆదివారం చొక్కాలో కూడా ఉండేది.

మా హాస్టల్ ఒక పాత విల్లా. ఆసుపత్రి వాళ్లు నర్సుల కోసం అద్దెకు తీసుకున్నారు. అది కట్టిన రోజుల్లో చుట్టూ ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదట. గోడల్లో ఇనుప పైపులు. మేడ మీద చిన్న గది, అందులో ఇల్లంతటికీ వేడినీళ్లు ఇచ్చే పెద్ద కరెంటు హీటర్. అందరం దాన్ని బాయిలర్ అనేవాళ్లం. అది ఎప్పటిదో ఎవరికీ తెలియదు. దాని మీద రాసిన అక్షరాలు కూడా ఎగిరిపోయాయి.

కోవిడ్ వచ్చాక మొదటి చలికాలం అది. మా హాస్టల్లో ఒక నియమం ఉండేది. వార్డు నుంచి వచ్చినవాళ్లు పక్క తలుపు గుండా రావాలి. బట్టలు వేడి సబ్బునీళ్లలో వేసి, తలస్నానం చేసి, ఆ తర్వాతే లోపలికి అడుగుపెట్టాలి. ఈ నియమం పెట్టింది హాస్టల్ ఇన్‌ఛార్జి, మలయాళీ సీనియర్ నర్సు. మేమంతా ఆవిడను చేచ్చి అనే పిలుస్తాం, వాళ్ల భాషలో అక్క అని. ఆవిడ మాట దాటే ధైర్యం ఎవరికీ లేదు.

అలాంటి రోజుల్లో కుళాయిలో ఎర్రటి నీళ్లు రావడం మొదలైంది. ఆ తర్వాత ఎరుపు పోయింది, వేడి కూడా పోయింది. దుబాయ్‌లో చలేమిటని మన ఊళ్లో వాళ్లు నవ్వుతారు గానీ, జనవరి తెల్లవారుజామున మేడ మీది ట్యాంకు నీళ్లు ఒంటి మీద పోసుకుంటే ఊపిరి ఆగుతుంది. పొయ్యి మీద గిన్నెలు పెట్టి కాచుకున్నాం. వంతుల దగ్గర గొడవలు వచ్చాయి. కాంట్రాక్టరు మనుషులు క్వారంటైన్‌లో ఉన్నారు, ఎప్పుడొస్తారో చెప్పలేమన్నారు. చేచ్చి నన్ను పిలిచి, "నీ మామయ్య పైపుల పని చేస్తాడు కదా?" అంది.

మావయ్య ఆ శుక్రవారమే వచ్చాడు, ఖాదర్ భాయ్‌ను వెంటబెట్టుకుని. ఆడవాళ్ల హాస్టల్ కాబట్టి లోపలికి రాకుండా బయటి ఇనుప మెట్ల మీదుగా మేడ ఎక్కారు. నేను సెలవులో ఉన్నాను, చేచ్చితో పాటు నేనూ వెళ్లాను.

మావయ్య బాయిలర్ చుట్టూ తిరిగి, ఒకచోట ఆగి, చాలాసేపు చూశాడు. పక్కన ఒక చిన్న ఇత్తడి వాల్వు ఉంది. దాని మూతికి ఎవరో ఇనుప బిరడా బిగించి, పైన సిమెంటు కూడా రాశారు.

"దీన్ని మూసేసేరమ్మా," అన్నాడు నాతో.

"కారుతుంటే మూసి ఉంటారు," అన్నాను.

"కారడమే దాని పని. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. ఎక్కువైనవి బయటకు పోవడానికి ఇదొక్కటే దారి. దారి మూసేస్తే డబ్బా పగలగొట్టుకుని పోతాయి." అదే మాట చేచ్చికి హిందీలో చెప్పాడు. బాయిలర్ పొట్ట చూపించాడు. ఒక పక్క కొంచెం ఉబ్బి ఉంది. తుప్పుపట్టి కారిపోవడం వల్లే అది బతికిందని, కారకుండా గట్టిగా ఉంటే ఏం జరిగేదో చెప్పలేనని అన్నాడు. చేచ్చి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ గది కింద ఉన్నవి మా పడకలు.

ఆసుపత్రి మెయింటెనెన్సు ముదీర్‌తో, అంటే మేనేజరుతో, చేచ్చి ఫోన్లో గట్టిగా మాట్లాడింది. కొత్త బాయిలర్ వచ్చింది. పాతదాన్ని బయటకు తీయబోతే ఆ గది తలుపులోంచి పట్టలేదు. బాయిలర్ పెట్టాకే చుట్టూ గది కట్టారన్నమాట. "ఇల్లు కట్టినోడికి ఇది ఎప్పుడూ పాడవదని నమ్మకం," అన్నాడు మావయ్య. ఖాదర్ భాయ్, ఆయన కలిసి తలుపు చట్రం ఊడదీశారు. తర్వాత శుక్రవారం కొత్తది లోపల కూర్చోబెట్టారు.

ఆయన పని ఎంత నెమ్మదో ఆ రోజు చూశాను. చన్నీళ్లు లోపలికి వచ్చే పైపుకు, వేడినీళ్లు వెనక్కి పారకుండా ఒక వాల్వు. దాని పక్కన ఎర్ర రంగు వేసిన చిన్న ఇనుప తొట్టె ఒకటి, ఉబ్బిన నీళ్లు కాసేపు తలదాచుకోవడానికి. తర్వాత ఆ ఇత్తడి వాల్వు, కొత్తది. దాని నుంచి ఒక పైపును గోడ వెంట దించి, మేడ మీద వాననీళ్లు పోయే కంత దాకా తీసుకెళ్లాడు. ఆ పైపు చివర మరలు ఉంటే, వాటిని రంపంతో కోసి పారేశాడు. ఎందుకని అడిగాను.

"మరలుంటే రేపెవడో కారుతోందని మళ్లీ బిరడా పెడతాడు. మరలు లేకపోతే పెట్టలేడు."

మధ్యాహ్నం దాటింది. కింద ఇద్దరు నర్సులు స్నానం వంతు గురించి పోట్లాడుకుంటున్నారు, ఆ అరుపులు మేడ మీదికి వినబడుతున్నాయి. నేను తల పట్టుకున్నాను. మావయ్య పైపు గీకుతూనే, "వేడెక్కినోళ్లకి కాస్త చోటివ్వాలమ్మా, మూత పెట్టకూడదు," అన్నాడు. ఖాదర్ భాయ్ నవ్వాడు. మావయ్య నవ్వలేదు, ఆయన దృష్టి పైపు మీదే ఉంది.

సాయంత్రానికి వేడినీళ్లు వచ్చాయి. కుళాయి కింద చెయ్యి పెట్టి చేచ్చి కళ్లు మూసుకుంది. ఆవిడ అలా కళ్లు మూసుకోవడం నేను అంతకుముందు చూడలేదు. మావయ్యకు, ఖాదర్ భాయ్‌కు మెట్ల దగ్గరే చేపల పులుసుతో అన్నం పెట్టించింది. నా వరకు ఆ కథ అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత ఏళ్లు మామూలుగా గడిచాయి. వారం సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. మాస్కులు పోయాయి. వేడినీళ్లు ఎప్పుడూ ఆగలేదు. మావయ్య అప్పుడప్పుడూ వచ్చేవాడు, గేటు దగ్గర నిలబడి మాట్లాడి వెళ్లేవాడు. ఒక్కోసారి మాట మధ్యలో మేడ వైపు చూసేవాడు. ఎందుకో నాకు తట్టలేదు.

ఒక ఎండాకాలం సైట్లో ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. గుండెకు స్టెంటు వేశారు. నేను వెళ్లేసరికి మంచం మీద పడుకుని గోడలోంచి వచ్చే చప్పుడు వింటున్నాడు. "ఈ గోడలో పైపుకి క్లాంపు ఊడిందమ్మా. కుళాయి కట్టేసినప్పుడల్లా కొట్టుకుంటోంది," అన్నాడు. నేను ఆయన కాళ్ల వాపు చూసుకుంటున్నాను.

గోడ వైపు నుంచి నా వైపు తిరిగి అన్నాడు. "పడుకుని ఏం చేస్తాం. చేసిన పనులన్నీ తల్చుకున్నాను. నాకు తెలిసి, సరిగ్గా చెయ్యనివి మూడున్నాయి. ఒక ఇల్లు బర్ దుబాయ్‌లో. దాన్ని కూల్చేసి పెద్ద బిల్డింగు కట్టేసేరు. ఇంకోటి గోడౌను అయిపోయింది, అక్కడ వేడినీళ్లతో పనే లేదు. మిగిలింది మీదొక్కటే."

"మాది బాగానే ఉంది కదా మావయ్యా."

"ఉంది. కానీ అందులో ఒక జాయింటు తప్పు."

అప్పుడు చెప్పాడు. బాయిలర్ నుంచి వచ్చే వేడినీళ్ల పైపు రాగిది. గోడలోకి వెళ్లేది పాత ఇనుము. రాగి, ఇనుము నేరుగా కలిపి మధ్యలో నీళ్లు పారితే, నెమ్మదిగా ఇనుము తినేయబడుతుంది. రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ వాషరున్న యూనియన్ అనే ముక్క వెయ్యాలి. ఆ రోజు ఆ సైజు యూనియన్ ఆయన దగ్గర లేదు. శుక్రవారం, కొట్లు సాయంత్రం దాకా తెరవరు. తెరిచినా దొరుకుతుందో లేదో. మర్నాటికి వాయిదా వేద్దామనుకుని పిట్టగోడ మీంచి కిందకు చూశాడట.

"పక్క తలుపు మెట్టు మీద ఒక పిల్ల కూర్చుంది. ఆసుపత్రి బట్టలతోనే. చెప్పులు విప్పేసి, గోడకానుకుని నిద్రపోతోంది. లోపలికెళ్లాలంటే స్నానం చెయ్యాలి కదా, నీళ్ల కోసం చూస్తోంది. ఆ పిల్లని చూసి బిగించేసేను. మళ్లీ వారం వచ్చి మారుద్దాం అనుకున్నాను. మళ్లీ వారం కోవిడ్ అని మా క్యాంపుకి తాళం వేసేరు. తర్వాత రాస్ అల్ ఖైమా సైటుకి పంపేరు. తర్వాత... నీళ్లొస్తున్నాయి కదా అనిపించింది."

ఆ పిల్ల ఎవరో నాకు తెలుసు. మా గదిలో ఉండే ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఆ వారమంతా ఐసీయూ డ్యూటీలో ఉంది.

"అది పగిలితే ఏమవుతుంది?" అని అడిగాను.

"వేడినీళ్లు గోడలోకి పోతాయి. ఆ గోడలోంచే కరెంటు వైర్లు కూడా పోతున్నాయి. ఇప్పుడు పగలకపోవచ్చు. నేను లేనప్పుడు పగలొచ్చు."

డిశ్చార్జి అయిన కొన్నాళ్లకు ఖాదర్ భాయ్ నాకు ఫోన్ చేశాడు. "మీ మామకు మతి లేదమ్మా. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. మీ మిద్దెక్కి పైపు కోస్తానంటాండాడు. నువ్వన్నా చెప్పు."

చెప్పాను. ఆయన వినలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అదే చొక్కాతో మా హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. చేచ్చిని పిలవమన్నాడు. నేను ఆయన్ని పక్కకు తీసుకెళ్లి, "సర్వీసింగ్ అని చెప్పండి చాలు. తప్పు జరిగిందని చెప్పక్కర్లేదు. మిమ్మల్ని తెచ్చింది నేనే కదా, నన్నంటుంది," అన్నాను.

"సర్వీసింగ్ అంటే ఎవరికీ గుర్తుండదమ్మా. రేపు ఇంకెవడో వచ్చి మళ్లీ రాగి, ఇనుము కలిపేస్తాడు. తప్పు అంటే గుర్తుంటుంది."

చేచ్చి వచ్చింది. ఆయన చెప్పింది మొత్తం విని, "చల్ రహా హై నా, అంకుల్? ఫిర్ క్యోఁ?" అంది. నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం అని.

"మేరా గల్తీ హై, మేడమ్," అన్నాడు మావయ్య. "తప్పు నాది. నేనే సరిచెయ్యాలి."

చేచ్చి నా వైపు తిరిగి, మలయాళీ యాస ఇంగ్లీషులో, ఈయన గుండె పరిస్థితి ఏమిటని అడిగింది. చెప్పాను. ఆవిడకు పైపు గురించి భయం లేదు. మేడ మీద ఈయన పడిపోతే ఎలా అని భయం. వద్దని వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం మావయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి గేటు లోపలికి కూడా రాలేదు. వాచ్‌మన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. చేచ్చి కిటికీలోంచి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆయన కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. ఆ పై ఆదివారం కూడా అంతే. బతిమాలలేదు, మళ్లీ అడగలేదు. వాచ్‌మన్ బంగ్లాదేశ్ అతను, ఇద్దరూ చాయ్ తాగుతూ కుర్చీలు కొంచెం కొంచెం నీడలోకి జరుపుకునేవారు.

ఆ తర్వాత చేచ్చే నన్ను పిలిచింది. "రమ్మను. కానీ నేను చెప్పినట్టు ఎక్కాలి," అంది.

ఆవిడ చెప్పినట్టు ఎక్కడమంటే ఇది: ఖాదర్ భాయ్ బరువులన్నీ ముందే మేడ మీదికి చేర్చాడు. మావయ్య కొన్ని మెట్లెక్కగానే కుర్చీ. కుర్చీలో కూర్చోబెట్టి చేచ్చి స్వయంగా బీపీ చూసింది. బాగుంటే ఇంకొన్ని మెట్లు, మళ్లీ కుర్చీ, మళ్లీ బీపీ. ఆ ఇనుప మెట్ల మలుపులో చొక్కా చెయ్యి పైకి మడిచి, బుద్ధిగా కూర్చున్న మావయ్యను చూసి ఖాదర్ భాయ్ ఫోటో తీయబోయాడు. "తియ్యకు," అన్నాడు మావయ్య. "మా ఆవిడ చూస్తే రేపే బయల్దేరొచ్చేస్తుంది."

ముందురోజే అందరం డ్రమ్ములు, బకెట్లు నింపి పెట్టుకున్నాం. మేడ మీద మావయ్య కుర్చీలో కూర్చుని చెప్పాడు, ఖాదర్ భాయ్ చేశాడు. మెయిన్ ఆపారు, కరెంటు ఆపారు, నీళ్లు వదిలేశారు. పైపును రెండు పక్కలా కోసి ఆ జాయింటును బయటకు తీశారు. పైకి బాగానే కనిపించింది. మావయ్య దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు పెట్టి లోపల చూశాడు. నాకూ చూపించాడు. ఇనుము వైపు లోపలంతా నారింజ రంగు పొక్కులు. మరల దగ్గర ఒక పక్క సన్నగా అయింది, రెండో పక్క గట్టిగానే ఉంది.

చేచ్చి కూడా తొంగి చూసింది. "ఇంకా పదేళ్లు వచ్చేదేమో కదా?" అంది.

"రావచ్చు మేడమ్. ఈ ఏడాదే పోవచ్చు. నేను చెప్పలేను."

అలా అంటున్నప్పుడు ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. తుప్పు దాన్ని లోపల పూర్తిగా తినేసి ఉంటే ఆయన మాట నెగ్గేది. చేచ్చి ఒప్పుకునేది, అందరం ఆయన్ని మెచ్చుకునేవాళ్లం. ఆయనకు ఆ ధ్యాస ఉన్నట్టు కనబడలేదు. "పర్లేదు, పిల్లలకేం కాలేదు," అని తెలుగులో తనలో తను అనుకున్నాడు. పొక్కుల మీద బొటనవేలు రాసి, ఆ ముక్కను పక్కన పెట్టాడు.

కొత్త యూనియన్ వేశారు. ఖాదర్ భాయ్ బిగించాక చివరి చుట్టు మాత్రం తనే తిప్పుతానన్నాడు మావయ్య. చేచ్చి ఒప్పుకోలేదు. "ఒక్క చుట్టే," అన్నాడు. ఆవిడ బీపీ మిషన్ వైపు చూసి, ఆయన వైపు చూసి, సరేనంది. రెంచి పట్టుకుని తిప్పాడు. అంత పెద్ద శ్రమేమీ కాదు. నీళ్లు వదిలాక ఆ జాయింటు చుట్టూ పొడి కాగితం చుట్టి, తడి అవుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. కాగితం తడవలేదు. అయినా లేవలేదు. మేడ మీద నర్సులు ఆరేసిన తెల్ల యూనిఫారాలు ఎండిపోయి, ఎవరో వచ్చి తీసుకెళ్లారు. అప్పుడు లేచాడు.

దిగేటప్పుడు చేచ్చి బాయిలర్ గది తలుపు లోపలివైపు మార్కర్‌తో ఇంగ్లీషులో పెద్దగా రాసింది, రాగిని ఇనుముకు నేరుగా కలపవద్దని. రాసి, స్పెల్లింగు సరిగా ఉందా అని నన్నడిగింది.

ఆ తర్వాత కంపెనీ ఆయన్ని స్టోర్ రూముకు మార్చింది. ఏసీ గది, కూర్చునే పని. ఆయనకు నచ్చలేదు గానీ నచ్చలేదని అనలేదు. ఊరికి వెళ్లిపోవచ్చు కదా మావయ్యా అంటే, "అమ్మాయి కోర్సు అవ్వనీ, వెళ్తాను," అనేవాడు. నిరుడు సెలవుకు వెళ్లి, అత్తయ్య బాత్రూము కట్టిస్తుంటే దగ్గరుండి మేస్త్రీతో గోడ రెండుసార్లు పగలగొట్టించాడట. అత్తయ్య ఫోన్లో విసుక్కుంది. "మీ మావయ్య వచ్చేడంటే ఇంట్లో నీళ్లుండవే," అంది. ఆ విసుగులో సంతోషం ఉంది.

ఆయన పోయిన రోజు అత్తయ్యకు చెప్పింది నేనే. "నిద్దట్లోనేనా?" అంది ఆవిడ.

"ఆయ్ అత్తయ్యా, నిద్దట్లోనే."

"నొప్పి పడ్డాడంటావా?"

పడలేదని చెప్పాను. ఒక నర్సుగా నాకు అది కచ్చితంగా తెలియదు. ఖాదర్ భాయ్ చెప్పినదాన్ని బట్టి దుప్పటి చెదరలేదు. అదే చెప్పాను. "తెల్ల చొక్కా వేసి పంపండమ్మా," అంది అత్తయ్య.

హైదరాబాద్ దాకా విమానంలో, అక్కణ్ణుంచి అంబులెన్సులో పంపాలి. సోనాపూర్ వైపు ఎంబామింగ్ చేసే చోటుకు మేం ముగ్గురం వెళ్లాం, నేను, ఖాదర్ భాయ్, పఠాన్ డ్రైవర్. ఇలాంటి గదులు నాకు కొత్త కాదు. చల్లదనం, మందు వాసన, మెత్తగా మాట్లాడే మనుషులు. పెట్టె మూయబోయే ముందు చూసుకోమన్నారు. తెల్ల చొక్కా వేశారు, బొత్తాలు పైదాకా పెట్టారు. ముఖం బాగానే ఉంది. జుట్టు మాత్రం ఎవరో నూనె లేకుండా వెనక్కి దువ్వారు. ఆఫీసరు ఫోటోలా ఉన్నాడు.

"ఇట్ల కాదు," అన్నాడు ఖాదర్ భాయ్. జేబులోంచి తన దువ్వెన తీశాడు. అక్కడి మనిషిని అడిగి గ్లాసులో నీళ్లు తెచ్చుకుని దువ్వెన ముంచాడు. పాపిడి కుడి పక్కకు తీయబోయాడు.

పఠాన్ డ్రైవర్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. పాపిడి ఎడమవైపు అన్నాడు, ఉర్దూలో. రోజూ పొద్దున చూస్తానన్నాడు.

"నువ్వు యాడ చూస్తావు? వెనక నిలబడి అద్దంలో చూస్తావు, అద్దంలో పక్క మారిపోతాది," అన్నాడు ఖాదర్ భాయ్, తెలుగులోనే మొదలుపెట్టి ఉర్దూలోకి మారుతూ. మావయ్యను ఎదురుగా చూస్తే పాపిడి కుడిపక్కే అన్నాడు. డ్రైవర్ ఒప్పుకోలేదు. ఇద్దరూ గొంతు పెంచకుండా, ఒకరు చెయ్యి ఇటు తిప్పి, ఒకరు అటు తిప్పి చూపించుకున్నారు. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు. నాకు తెలియదు. చిన్నప్పటి నుంచి చూసిన మనిషే, పాపిడి ఏ పక్కో నాకు గుర్తు రాలేదు.

చివరికి డ్రైవర్ తల వైపు వెళ్లి మావయ్య వెనక నిలబడ్డాడు. కళ్లు మూసుకుని, గాలిలో తన ఎదుట అద్దం ఉన్నట్టు చెయ్యి పెట్టి, ఆ చెయ్యి మెల్లగా మావయ్య జుట్టు మీదకు దించాడు. వేలు ఆగిన చోటును ఖాదర్ భాయ్ చూశాడు. దువ్వెన మళ్లీ నీళ్లలో ముంచి, ఆ వేలి పక్క నుంచి నెమ్మదిగా వెనక్కి లాగాడు. సన్నటి తెల్లటి గీత పడింది. కణత మీదికి ఒక నీటిచుక్క జారింది. డ్రైవర్ తన తలగుడ్డ కొంగుతో దాన్ని అద్దాడు.